చిన్నదానికి జరం

సమ్మయ్య మిల్లులో నిప్పు అనే మాట ఎవరూ నోట రానివ్వరు. మంట అనరు. అంటుకుంది అనరు. పొరపాటున ఎవరైనా నోరు జారారో, ఆ పూట మిల్లులో ఉన్నవాళ్ళందరికీ చాయ్ తాగించాల్సిందే.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో, ఊరి సందడి వెనకబడి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంది ఆ జిన్నింగ్ మిల్లు. సీజన్ వస్తే చాలు, ఆవరణలో తెల్లటి కొండలు లేస్తాయి. గింజ తీసిన దూదిని ప్రెస్సులో పోసి, పైనుంచి ఇనుప దిమ్మెతో నొక్కి, పట్టీలు బిగించి బేళ్ళు కడతారు. గది నిండా పట్టే దూది ఒక పెట్టెంత అవుతుంది. అదీ పని. ఆ పనిలో ఉన్న భయమల్లా ఒక్కటే. గింజ తీసే యంత్రంలో ఏ రాయో, మేకో పడి రవ్వ లేస్తే, అది దూదిలో దాక్కుని ప్రెస్సులోకి వచ్చేస్తుంది. గట్టిగా నొక్కిన దూదిలో గాలి ఆడదు కనుక భగ్గుమనదు. అలాగని ఆరిపోదు కూడా. బేలు కడుపులో పొగైనా పైకి రాకుండా కుములుతూ ఉంటుంది. గోదాములో వందల బేళ్ళ మధ్యకు చేరాక ఏదో ఒక రోజు బయటపడుతుంది. ఇక అప్పుడు ఆపేవాడు లేడు.

ఆ జబ్బుకు మిల్లువాళ్ళు పెట్టుకున్న పేరు జరం.

ఇవేవీ తెలియని సాకిబ్ మొదటి రోజే అందరి ముందూ నిలబడి, "మంట ఎక్కడ పుడుతుందో కనిపెట్టే సెన్సర్ తెచ్చిన," అన్నాడు.

ప్రెస్సు నడిపే తుల్సీరాం రెండు చెవులూ మూసుకున్నాడు. "ఏంది సాబ్, కాలు పెట్టంగనే గిట్ల! జరం అనాలె. జరం. చాయ్ పైసలు తియ్యి."

ఆ పూట మిల్లంతా సాకిబ్ చాయ్ తాగింది. తుల్సీరాం రెండు సార్లు తాగాడు.

సాకిబ్‌ది ఖమ్మం. వాళ్ళ నాన్న మజహర్‌కు కమాన్ బజార్ సందులో పరుపుల దుకాణం. దూదిలోనే పుట్టి దూదిలోనే పెరిగినా, సాకిబ్ చేసేది మాత్రం గాజు పని. హైదరాబాదులో ఓ చిన్న కంపెనీలో, వెంట్రుక కన్నా సన్నటి గాజు పోగులతో వేడిని కొలిచే సెన్సర్లు తయారు చేస్తాడు. అలాంటి పోగులను సన్నటి ఉక్కు సూదుల్లో దాచి, ప్రెస్సు దిమ్మె కింద బిగించాడు. దిమ్మె దిగినప్పుడు సూదులు దూదిలోకి దిగుతాయి. పోగులో వెలుతురు పోయి, వెనక్కి వస్తుంది. వేడి మారితే ఆ వెలుతురు రంగు పిసరంత మారుతుంది. కనురెప్ప వాల్చి ఎత్తేలోపు సెన్సర్ ఆ మార్పును వందల సార్లు చూసి చెబుతుంది.

"కరెంటు తీగ పెడితే పోయేది గద సాబ్?" అన్నాడు తుల్సీరాం.

"దూదిల కరెంటు తీగ పెడితే జరం మనమే తెచ్చినట్టైతది అన్నా. దీంట్ల వెలుతురు తప్ప ఇంకేం ఉండది."

తుల్సీరాం తల ఊపాడు. ఆ మాట అతనికి నచ్చింది. ముఖ్యంగా సాకిబ్ జరం అన్నందుకు నచ్చింది.

మిల్లులో ప్రెస్సులు రెండు. పెద్దది కొత్తది. రెండోది మధిరలో ఏదో మిల్లు మూతపడితే సమ్మయ్య కొనుక్కొచ్చిన పాత ప్రెస్సు. సాకిబ్ సూదులు బిగించింది ఈ పాతదానికే. బాగా పనిచేస్తే పెద్దదానికీ పెడతారు.

కానీ సాకిబ్ మనసు సగం ప్రెస్సు మీద, సగం మెహర్ మీద ఉండేది.

మెహర్ అతని కూతురు. నాలుగు దాటి ఐదు నడుస్తోంది. పోయిన వానాకాలంలో ఓ సాయంత్రం ఆడుకుంటూ ఆడుకుంటూ వచ్చి అతని ఒళ్ళో వాలింది. ఒళ్ళు వెచ్చగా ఉందేమిటని అనుకునేలోపే కళ్ళు తేలేసింది. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి. ఎత్తుకుని ఆటోలో దవాఖానాకు చేరేసరికి తగ్గిపోయింది. "కొందరు పిల్లలకు జ్వరం ఒక్కసారిగా ఎగబాకితే ఫిట్స్ వస్తాయి. పెద్దయ్యాక పోతుంది, భయపడొద్దు," అని డాక్టరమ్మ చెప్పింది. పిల్ల మర్నాటికే గెంతులు వేసింది. తండ్రి మాత్రం ఆ ఆటోలోనే ఉండిపోయాడు. అప్పటినుంచి మెహర్‌ను కంటికి దూరంగా ఉంచలేదు. భార్య లతీఫా నర్సు. పెద్ద ఆసుపత్రిలో శిక్షణకని హైదరాబాదులో ఉండిపోవాల్సి వస్తే, పిల్లను అత్తగారింట్లో కూడా వదలకుండా ఇక్కడికే వెంట తెచ్చుకున్నాడు. మిల్లు పక్క తండాలో, తుల్సీరాం ఇంటిని ఆనుకునే ఓ గది కిరాయికి తీసుకున్నాడు.

మెహర్ ఎక్కడ ఆడుకుంటున్నా మధ్యలో వచ్చి నుదురు చూసేవాడు. అన్నం తింటుంటే చూసేవాడు. నవ్వుతుంటే కూడా చూసేవాడు.

తుల్సీరాం భార్య ద్వాలికి ఇది వింతగా ఉండేది. "ఏంది తమ్మీ, పిల్ల నొసలు అరిగిపోతది గట్ల రుద్దితే. జర ఇడువు. ఆడుకోనియ్యి."

"అలవాటైపోయిందక్కా."

"అలవాటా? నా పెండ్లినాడు మా ఆయన గూడ నన్ను గిన్ని సార్లు చూడలె."

పక్కనే చుట్ట చుట్టుకుంటున్న తుల్సీరాం తలెత్తకుండా, "చూస్తె పారిపోదునని భయం," అన్నాడు. ద్వాలి చేతిలోని చేట విసిరింది. మెహర్ పగలబడి నవ్వింది. తండా పిల్లలు ద్వాలిని పిలిచినట్టే మెహర్ కూడా యాడీ అని పిలవడం మొదలుపెట్టింది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. ద్వాలి మెహర్‌ను చిన్నదీ అని పిలిచేది. చిన్నదీ, ఇటు రా. చిన్నదానికి జడ వెయ్యాలె. చిన్నది తిన్నదా?

ప్రెస్సు దగ్గర సాకిబ్ అవస్థ ఇంకోలా ఉంది. సూదులు ఉన్నంతలో బాగానే చూస్తున్నాయి. చిక్కల్లా, అవి మరీ బాగా చూడటమే. సైకిలు పంపు గబగబా కొడితే అడుగున వేడెక్కినట్టు, దూదిని ఒక్కసారిగా నొక్కితే అందులోని గాలి నలిగి వేడెక్కుతుంది. దిమ్మె దిగిన ప్రతిసారీ లాప్‌టాప్ తెర మీద గీత గూనిలా లేచేది. ఎర్ర లైటు వెలిగేది. పని ఆగేది. బేలు విప్పితే లోపల మల్లెపువ్వులాంటి దూది.

మూడు రోజులు చూసి సమ్మయ్య కేకలేశాడు. "ఈ ఏడుపు మిషనుతోటి నా సీజన్ పాడైతది. ఇగ లైటు ఎలిగితే పని ఆపేది లేదు. సాకిబ్ చూసి చెప్పాలె, అప్పుడే ఆపాలె. తుల్సీరాం, సమజైందా?"

"అవ్ సేటూ."

సాకిబ్ తలపట్టుకు కూర్చున్నాడు. నొక్కితే వచ్చే వేడినీ, రవ్వ వేడినీ విడదీసేదెలా? రెండూ ఎగురుతాయి. రెండూ రెప్పపాటులోనే ఎగురుతాయి. చాలాసేపు పాత గీతలన్నీ పక్కపక్కన పెట్టి చూశాక తట్టింది. ఎగరడం కాదు, దిగడం చూడాలి. నలిగిన గాలి వేడి, దిమ్మె ఆగిన వెంటనే జారిపోతుంది. రవ్వ ఉంటే గీత దిగదు. పట్టుకుని వేలాడుతుంది, పైపైకి పాకుతుంది. ఆ లెక్క యంత్రానికి నేర్పాక ఎర్ర లైటు పడుకుంది. ఒక రోజంతా వెలగలేదు.

"కొత్త లెక్క పెట్టిన అన్నా," అన్నాడు సాకిబ్. "ఇప్పుడు ఎలిగిందంటే నిజంగనే జరం."

"జరమొస్తె ఏం జెయ్యాలె?"

"నాకు ఫోన్ చెయ్యి. నేను చెప్త."

మర్నాడు పొద్దున్నే కంపెనీ పంపిన కొత్త గాజు పోగుల పార్సిలు బస్సు కార్గోలో భద్రాచలం వచ్చింది. వెళ్ళి తెచ్చుకోవాలి. మెహర్‌ను బండి ముందు కూర్చోబెట్టుకుందామని చూస్తే, ఆ అమ్మాయి ద్వాలి వాకిట్లో మేకపిల్లతో ఉంది. రానంది. లతీఫాకు ఫోన్ చేశాడు.

"వదిలి వెళ్ళు," అంది లతీఫా. "ద్వాలి ఆపా చూసుకుంటుంది."

"జ్వరం వస్తే?"

"వస్తే వస్తుంది. నువ్వు పక్కన ఉన్నా వస్తుంది." ఆ తర్వాత మెత్తగా అంది. "దాని చెయ్యి వదలకుండా పట్టుకుని నువ్వే నడవడం మర్చిపోతున్నావు. ఒక్క పూటే కదా."

సాకిబ్ జ్వరం సిరప్పు, థర్మామీటరు, డాక్టరమ్మ నంబరు సంచిలో పెట్టి ద్వాలికి ఇచ్చాడు. ఎప్పుడు ఎంత పోయాలో చెప్పాడు. మళ్ళీ చెప్పాడు.

"పో తమ్మీ. నువ్వు పోతెనే గద మళ్ళ వచ్చేది," అంది ద్వాలి.

బండి ఎక్కి వెనక్కి చూశాడు. మెహర్ అతని వైపు చూడనైనా లేదు. మేకపిల్ల చెవిలో ఏదో చెబుతోంది.

కార్గో కౌంటరు దగ్గర పార్సిలు చేతికి అందిందో లేదో, ఫోన్ మోగింది. తుల్సీరాం. అడవి గాలికి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"సాబ్! చిన్నదానికి జరమొచ్చింది!"

సాకిబ్ చేతిలో పార్సిలు బరువెక్కింది. "ఎంతుంది?"

"ఎక్కుతనే ఉంది సాబ్. దిగుతలేదు. ఏం జెయ్యమంటవు?"

"అన్నా, ఎండల ఉంచకు. లోపలికి తీస్కపో. చల్లగున్న కాడ పండబెట్టు. తడిగుడ్డ ఎయ్యి. ఒక్కదాన్నే ఇడిసిపెట్టకుర్రి, ఎవరన్న పక్కన్నే కూసోవాలె. వస్తున్న, నేనొస్తున్న!"

"పండబెట్టాల్నా?" తుల్సీరాం గొంతులో అనుమానం. "లోపలికంటె సాబ్, గీ..."

లైను తెగింది. మళ్ళీ చేశాడు. అందుబాటులో లేదంది. మళ్ళీ చేశాడు. అదే మాట.

ఆ తర్వాత బండి ఎలా తీశాడో, ఊరు ఎలా దాటాడో అతనికి గుర్తు లేదు. ఎడమ పక్కన గోదావరి ఎండలో మెరుస్తూ వెంట వస్తోంది. ముందు పత్తి ట్రాక్టరు. దారి నిండా బొర్ర పెంచుకుని, ఊగుతూ, పక్కకు తప్పుకోకుండా. హారన్ మీద హారన్ కొట్టాడు. డ్రైవరు చెయ్యి బయటపెట్టి ఆగమన్నాడు. సాకిబ్ ఆగలేదు. మట్టి అంచు మీదుగా, ముళ్ళకంప గీరుకుంటుండగా దాటేశాడు. చొక్కా చేయి చిరిగింది.

ఎక్కుతనే ఉంది, దిగుతలేదు. ఆ మాటే చెవుల్లో. ఒక్కసారిగా ఎగబాకితే, అంది డాక్టరమ్మ. ఇప్పటికి కళ్ళు తేలేసి ఉంటుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెప్పలేదే! సిరప్పు పొయ్యమని చెప్పలేదే! సంచి నిండా మందులిచ్చి, అసలు సమయానికి ఆ మాటే నోట రాలేదు. యా అల్లా, యా అల్లా అనుకుంటూ బండి వేగం ఇంకా పెంచాడు. వదిలి వెళ్ళమన్న లతీఫా మీద కోపం వచ్చింది. వదిలి వచ్చిన తన మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

తండాకు చేరాడు. బండిని నిలబెట్టలేదు, పడేశాడు. ద్వాలి ఇంటికి తాళం. తన గదికి తాళం. వాకిట్లో మేకపిల్ల ఒక్కటే.

ఎదురింటి అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న సోమ్లి అనే పెద్దావిడ తలెత్తింది. "ఎవరి కోసం కొడుకా?"

"మెహర్... మా పాప. ఏ దవాఖానాకు తీస్కపోయిన్రు?"

"దవాఖానా? ఎందుకు?"

"జరమొచ్చింది గద!"

"ఎవరికి? గా పోరికా?" సోమ్లి బోసినోటితో నవ్వింది. "ద్వాలి సద్ది పట్టుకొని మిల్లుకు పోతుంటె, ఆ పోరి కోతి తీరు ఎగురుకుంట ముందల ఉరికింది. జరమున్నోళ్ళు గట్ల ఉరుకుతర్రా?"

సాకిబ్ అక్కడే అరుగు అంచున కూలబడ్డాడు. జ్వరం లేదు. పిల్ల బాగుంది. ఎగురుతోంది. గుండె నిండా గాలి పీల్చుకుని వదిలాడు. మరి తుల్సీరాం...

చిన్నదానికి జరం.

మిల్లులో ప్రెస్సులు రెండు. పెద్దది, చిన్నది.

సాకిబ్ దిగ్గున లేచాడు. ఎక్కుతనే ఉంది, దిగుతలేదు అన్నాడు తుల్సీరాం. గీత గురించి అన్నాడు. నిజమైన రవ్వ. నిజమైన జరం. దాన్ని పట్టుకోవడానికే కదా తాను ఇన్ని రోజులూ తలబద్దలు కొట్టుకుంది. అలాంటి బేలును బయటి ఆవరణలోకి, నీళ్ళ తొట్టి పక్కకు లాగి పడెయ్యాలి. తానేం చెప్పాడు?

లోపలికి తీస్కపో. చల్లగున్న కాడ పండబెట్టు. ఎవరన్న పక్కన్నే కూసోవాలె.

మిల్లులో చల్లగా ఉండే చోటు ఒక్కటే ఉంది. గోదాము.

బండి లేపే ఓపిక లేక పరుగెత్తాడు. గేటు దాటి, పత్తి కుప్పల మధ్య నుంచి, చెప్పు ఒకటి ఊడిపోతే దాన్ని అక్కడే వదిలి గోదాములోకి దూరాడు. వెలుతురులోంచి వచ్చిన కళ్ళకు ముందు ఏమీ కనపడలేదు. పైకప్పు దాకా పేర్చిన బేళ్ళు. తడి గోనె వాసన. ఆ వాసన కింద, గమనిస్తే గానీ తెలియనంతగా, పాలు మాడినట్టు మరో వాసన.

మూలన ఒక బేలు వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. దాని మీద తడి గోనెపట్టా. దానికి ఒక పక్క ద్వాలి, సద్ది గిన్నె ఒళ్ళో పెట్టుకుని. మరో పక్క మెహర్, బాసింపట్టు వేసుకుని. చిన్న తువ్వాలును నీళ్ళ చెంబులో ముంచుతోంది. పిండుతోంది. బేలు తలవైపు, అంటే మెహర్ దాని తల అనుకున్న వైపు, పరిచి, చేత్తో అద్దుతోంది. అచ్చం తండ్రి తనకు చేసినట్టే.

అతన్ని చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. "ష్, అబ్బూ! చిన్నది పడుకుంది."

సాకిబ్ ఒక్క అంగలో వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాడు. ఎంత గట్టిగా ఎత్తుకున్నాడంటే, మెహర్ అబ్బా అంది. ఒళ్ళు చల్లగా ఉంది. జుట్టులో దూది పోగులు. కాళ్ళు అప్పటికే తలుపు వైపు తిరిగాయి. పారిపోవాలి. దీన్ని తీసుకుని రోడ్డు దాకా, ఊరి దాకా, ఖమ్మం దాకా ఆగకుండా.

"ఏమైంది సాబ్?" తుల్సీరాం తలుపులో ఉన్నాడు, లాప్‌టాప్ రెండు చేతుల మీదా తట్టలా పట్టుకుని. "నువ్వు చెప్పినట్టె చేసిన. కొత్త లెక్కకు కొత్త పద్ధతేమో అనుకున్న."

తెర మీద గీత కనిపించింది. దిమ్మె నొక్కినప్పుడు గూనిలా లేచిన గీత, మిగతా సూదులన్నిటిలో జారిపోయింది. ఒక్క సూదిలో మాత్రం జారలేదు. అక్కడే నిలబడి, తర్వాత పైకి పాకింది. ఏ సూదో, బేలులో ఏ మూలో, ఎంత లోతులోనో ఆ గీతను చదివి చెప్పగలిగినవాడు ఈ అడవి మొత్తం మీద ఒక్కడే. తెలియకుండా ఎక్కడపడితే అక్కడ విప్పితే గాలి తగిలి మొత్తం భగ్గుమంటుంది. విప్పకుండా వదిలితే, ఈ గోదామూ, బయట దూది ఎత్తుతున్న ఆడవాళ్ళూ.

మెహర్ చేతులు అతని మెడ చుట్టూ ఉన్నాయి.

ద్వాలి లేచి నిలబడింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అతని ముఖం చూసింది, బేలు వైపు చూసింది. సద్ది గిన్నె నేల మీద పడి దొర్లింది.

సాకిబ్ మెడ చుట్టూ ఉన్న చేతులు విప్పి, పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు. "రోడ్డు దాకా పో అక్కా. ఎక్కడా ఆగకు."

ఆమె పరుగెత్తింది. అతను తిరిగి చూడలేదు. చూస్తే ఆగలేడు.

"అన్నా, బండి! అందరినీ గేటు బయటికి పంపు. పైపు తొట్టిల పెట్టి మోటారు ఎయ్యి!"

తుల్సీరాం అరుపుకు మిల్లు ఆగింది. తోపుడు బండి వచ్చింది. భీమ్లా అనే హమాలీ ఒక పక్క, సాకిబ్, తుల్సీరాం మరో పక్క. బేలును దొర్లించి బండి మీదికెక్కించి, ఎండలోకి, ఆవరణ మధ్యకు, దూదికి దూరంగా ఉన్న మట్టి నేల మీదికి తోశారు. సాకిబ్ మోకాళ్ళ మీద కూర్చుని తెరనూ బేలునూ మార్చి మార్చి చూశాడు.

"ఈ అంచు. మూడో పట్టీకి ఇవతల. ముందు ఇది తడుపు. ఇంకా. ఇంకా తడుపు. ఇప్పుడు కొయ్యి. ఒక్కటే కొయ్యి, మిగతావి ముట్టుకోకు."

పట్టీ టప్పున తెగింది. బిగబట్టిన ఊపిరి వదిలినట్టు దూది ఉబ్బింది. తెల్లటి పొర. ఇంకో తెల్లటి పొర. తర్వాత లేత పసుపు. తర్వాత చాయ్ రంగు. సాకిబ్ గడ్డపలుగుతో ఇంకొక పొర లేపాడు. నల్లటి ముద్ద, నిమ్మకాయంత. గాలి తగలగానే దాని మధ్య ఎర్రగా కన్ను తెరుచుకుంది.

"పొయ్యి!"

తుల్సీరాం పైపు తిప్పాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ముగ్గురూ నల్లటి నీళ్ళతో తడిసిపోయారు. ఎర్ర కన్ను మూసుకుంది. సాకిబ్ ముద్దను పలుగుతో బయటికి లాగి చితక్కొట్టాడు. మళ్ళీ నీళ్ళు. చుట్టూ ఉన్న సూదుల బెజ్జాలన్నిట్లోకీ విడి పోగు పెట్టి చూశాడు. గీతలు పడుకున్నాయి. అన్నీ.

అప్పుడు గానీ సమ్మయ్య గేటు దగ్గర్నుంచి కదల్లేదు. వచ్చి, బేలులో పడిన గుంటను చూశాడు. గోదాము వైపు చూశాడు. 

"దీన్ని గోదాంలకు తీస్కపోయింది ఎవడు?"

తుల్సీరాం నేల చూపులు చూశాడు. 

"నేనే సేటూ," అన్నాడు సాకిబ్. "ఈయన చిన్నదానికి జరమన్నడు. నేను నా బిడ్డకనుకున్న. ఎండల ఉంచకు, పండబెట్టు, తడిగుడ్డ ఎయ్యి అన్న. పాపం ఆ మాట ప్రకారమే చేసిండు."

సమ్మయ్యకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాలో తిట్టాలో తెలియక తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నీ బిడ్డకనుకున్నవా!" తుల్సీరాం పైపు కింద పడేశాడు. "అయ్యో సాబ్, బేలును ఎవడన్న పండబెడతడా అని నేను ఒకటే ఆలోచన. పక్కన ఎవరన్న కూసోవాలంటివి. మా ఆడామె సద్ది తెచ్చింది గద, కూసోమన్న. మీ పిల్ల తడిగుడ్డ నేనేస్త అన్నది. ఎంత ముద్దుగ వేసిందో..." అని అనబోయి, తాను అన్నదేమిటో తనకే వినపడి, గోదాము చీకటి వైపు చూసి, మాట మింగేశాడు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"నీ తప్పేం లేదన్నా."

"చిన్నదాన్ని చిన్నదనక ఏమంటం సాబ్?"

"రేపటి నుంచి మధిర ప్రెస్సు అను."

"అంటె అలగదా?" అన్నాడు తుల్సీరాం, ముక్కు చీదుతూ.

సాకిబ్ రోడ్డు వైపు నడిచాడు. కల్వర్టు గోడ మీద ద్వాలి ఒక కొసన కూర్చుని ఉంది. మెహర్ రెండో కొసన. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత జాగా. మెహర్ కాళ్ళు ఊపుతూ ద్వాలి దగ్గరికి జరుగుతోంది. జరిగిన కొద్దీ ద్వాలి అవతలికి జరుగుతోంది.

"యాడి నన్ను ముట్టుకుంటలేదు అబ్బూ," అంది మెహర్, ఫిర్యాదుగా.

ద్వాలి తలెత్తలేదు. "పిల్లను తీస్కపో తమ్మీ."

"అక్కా..."

"నేనే కూసోబెట్టిన. ఈ చేతుల్తోటే ఎత్తి కూసోబెట్టిన. చెంబుల నీళ్ళు తెచ్చిచ్చిన. ఇగో, ఇటు పక్క వెయ్యి, దీనికి ఇటు పక్క ఎక్కువున్నట్టున్నది అని నేనే చెప్పిన." చేతులు కొంగులో చుట్టి దాచుకుంది.  "మళ్ళ నా కాడ ఇడిసిపెట్టకు. నువ్వు చూసుకున్నట్టు నేను చూసుకోలేను."

సాకిబ్ మెహర్‌ను ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక దించబుద్ధి కాలేదు. ఇంటికి వెళ్ళి, తలుపేసుకుని, లతీఫాకు ఫోన్ చేసి, సాయంత్రం బస్సుకే ఖమ్మం వెళ్ళిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ద్వాలి కూడా పట్టదు. అందుకు ఆమె అప్పుడే సిద్ధమై కూర్చుంది.

"అక్కా, కూసోమన్నది నేను," అన్నాడు. "నా నోటి నుంచి వచ్చింది, ఫోన్ల పోయింది, అన్న చెవిల పడ్డది, నీ దాకా వచ్చింది. నా బిడ్డ పక్కన అనుకొని నేను కూసోమంటె నువ్వు కూసున్నవు. అదేందో తెలియకపోయినా అన్నం పక్కకు పెట్టి మరీ కూసున్నవు. పొమ్మంటె దీన్ని ఎత్తుకొని ఉరికినవు. ఇంకేం చూసుకోవాలె?"

ద్వాలి కొంగు ఇంకా బిగించి చుట్టుకుంది.

"నేను మళ్ళ లోపలికి పోవాలె. ఆ సూది కాలింది, కొత్త పోగు వెయ్యాలె. ఇంకో బేలుకు వచ్చిందేమో చూడాలె. పొద్దుగూకుతది." పిల్లను తీసుకెళ్ళి ద్వాలి ఒళ్ళో కూర్చోబెట్టాడు. "ఇది పొద్దుగాల నుంచి ఏం తినలేదు. నీ సద్ది గూడ కింద పడిపాయె. ఇద్దరూ ఇంటికి పోయి తినుర్రి."

ద్వాలి చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి. మెహర్ ఆ కొంగు పట్టి లాగింది. ఒక చెయ్యి బయటపడింది. దాన్ని తీసి తన నడుం చుట్టూ వేసుకుంది, బొంతను లాక్కున్నట్టు. రెండో చెయ్యి దానంతటదే వచ్చింది.

"అబ్బూ, దానికి తగ్గిందా?"

"తగ్గింది."

"నేనే తగ్గించిన," అంది మెహర్ ద్వాలితో.

"అవ్ తల్లీ, నువ్వే తగ్గించినవు." ద్వాలి పిల్ల జుట్టులోని దూది పోగు తీస్తూ అంది. తర్వాత సాకిబ్ వైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నా గొంతులో పాత పొగరు కాస్త వచ్చింది. "ఇంకేంది చూస్తున్నవు? పిల్లకు అన్నం పెట్టుడు గూడ నాకు నేర్పిస్తవా? పో, నీ పని చూస్కో. ఒక కాలుకు చెప్పు లేకుంట తిరుగుతున్నవు, అది ఎతుక్కో ముందు."

సాకిబ్ మిల్లులోకి నడిచాడు. మట్టి కాలికి వేడిగా తగులుతోంది. ఆ మధ్యాహ్నమంతా ప్రెస్సు కింద దూరి కాలిన సూది ఊడదీసి కొత్త పోగు బిగించాడు. మధ్యమధ్యలో తలెత్తి తండా వైపు చూశాడు. అయితే వెళ్ళలేదు.

పొద్దుగూకాక ఇంటికి చేరేసరికి మెహర్ ముఖం ముడుచుకుని గడప మీద కూర్చుని ఉంది.

"ఏమైంది?"

"యాడి రోడ్డు కాడ ఎత్తుకున్నది. ఇంటికొచ్చినంక గూడ దించలె. ఒక్క చేత్తోటే అన్నం కలిపింది. మేకపిల్ల కాడికి గూడ ఎత్తుకొనే తీస్కపోయింది. నన్ను నడవనియ్యలేదు అబ్బూ, అసలుకే నడవనియ్యలేదు."